పాడే గొంతుకే పండగ

ఆదివారం పొద్దున్నే విజయవాడలో ఏ పేటలోకి వెళ్లినా పాట చెవిన పడుతుంది. డాబా మీద రేకుల షెడ్డు వేసి నడుపుతున్న చిన్న మందిరంలో డోలక్ మోగుతుంటుంది. నాలుగు వీధులు దాటితే ఏసీ హాలు, కీబోర్డు, ప్యాడ్స్, తెరమీద కదిలే సాహిత్యం. ఇంకాస్త ముందుకెళ్తే పాత సి.ఎస్.ఐ. గుడిలో చెక్క బెంచీల మీద కూర్చున్న పెద్దవాళ్లు కళ్లజోడు సవరించుకుంటూ కీర్తన నంబరు వెతుకుతుంటారు. ఫోను తెరిస్తే రోజుకో కొత్త పాట. ఇన్ని పాటల మధ్య బతుకుతూ కూడా పాస్టర్ గారి దగ్గరకో, ప్రార్థన చేసే పెద్దమ్మ దగ్గరకో వచ్చి చాలామంది ఒకే మాట అంటారు: "ఆరాధన మానను, కానుక మానను, శుక్రవారం ఉపవాస కూడికక్కూడా వెళ్తాను. లోపల సంతోషమే లేదండీ."

ఈ అధ్యాయం వాళ్ల కోసం రాస్తున్నాను. చెప్పదలచుకున్నది చిన్న సంగతే. స్తుతిలోని ఆనందం పాడినవాళ్లకు దక్కుతుంది. విన్నవాళ్లకు కాసేపు హాయి మిగులుతుంది, అంతే. పాడటమంటే రాగం తప్పకుండా పాడటం అనుకోకండి. నోరు తెరిచి, కంఠతా వచ్చిన మాటలతో, పక్కవాళ్లతో కలిసి, సొంత బతుకులో జరిగినదాన్ని అందులో పెట్టి పాడటం. ఏడుపొస్తుంటే ఆ ఏడుపుతోనే పాడటం. మన డెల్టా సంఘాలకు ఇది బాగా తెలిసిన విద్య. మధ్యలో ఎక్కడో చేజారింది.

సాయంత్రం గంట

వందేళ్ల కిందట మన పల్లె సంఘాల్లో ఆరాధన ఆదివారానికే పరిమితం కాదు. బిషప్ వి.ఎస్. అజరయ్య గారి కాలం సంగతి చెబుతాను. 1912లో ఆయన దోర్నకల్‌కు తొలి బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. పుట్టింది తిరునెల్వేలి ప్రాంతంలో, మాతృభాష తమిళం. తెలుగు పట్టుబట్టి నేర్చుకున్నారు. కృష్ణా జిల్లాలోని చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) సంఘాలు తర్వాత ఆయన అధ్యక్ష మండలంలోకే వచ్చాయి. ఆ మండలంలోని ఊళ్లలో సాయంత్రం చీకటి పడ్డాక గంట కొట్టేవాళ్లు. పొద్దంతా నాట్లలోనో కోతల్లోనో వంగిన నడుములు అప్పుడు గుడికి చేరేవి. చాలా ఊళ్లలో పగటిపూట బడి, రాత్రిపూట గుడి ఒకే కప్పు కింద. ఉపదేశి ఒక పాదం పాడితే వచ్చినవాళ్లు తిరిగి పాడేవాళ్లు. చదువు రాదు కాబట్టి పుస్తకంతో పనిలేదు. పదిసార్లు అనేసరికి పాట నోటికి వచ్చేది. బైబిలు కథల్నీ అలాగే నేర్చుకున్నారు. భజన, కోలాటం లాంటి మన ఊరి పద్ధతులు ఆరాధనలోకి రావాలని అజరయ్య గారు ప్రోత్సహించారు కూడా.

ఆ తరం ముసలమ్మలను మీలో కొందరైనా చూసే ఉంటారు. ఒక్క అక్షరం రాదు, కానీ ఐదు చరణాల కీర్తన ఎక్కడా తడబడకుండా పాడతారు. ఆ సంపద ఎక్కడిదో అర్థం కావాలంటే 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి చూడండి. పైన నంబరు. దాని కింద రాగం, తాళం పేర్లు. తర్వాత పల్లవి, అనుపల్లవి, వరసగా చరణాలు, రాసినవారి పేరు. త్యాగరాజ కృతి ఏ కట్టుబాటులో ఉంటుందో ఇదీ అదే కట్టుబాటు. 1803లో పుట్టి 1890 వరకూ బతికిన పురుషోత్తమ చౌదరి గారి వంటివాళ్లు దేశీయ సంగీతంలోనే క్రీస్తును పాడి పెట్టారు. సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు వాళ్లకు సిద్ధాంతాల్లో పేచీలున్నా ఈ పుస్తకం దగ్గర పేచీ లేదు. ఇప్పుడు ఆ పేజీ పైన రాసిన రాగాన్ని చూసి పాడగలిగేవాళ్లు ఊరికొకరైనా ఉంటారో లేదో. వరస మాత్రం అమ్మమ్మల గొంతులో నిలిచింది.

కంఠతా రావడం ఎందుకంత ముఖ్యం? పాట నిజంగా అవసరమయ్యే చోట పుస్తకం ఉండదు, తెర ఉండదు. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద, రాత్రి రెండింటికి నిద్రపట్టని మంచం మీద, అప్పులవాళ్లు వచ్చి వెళ్లాక మిగిలిన నిశ్శబ్దంలో నోటికి వచ్చిందే మనకు ఉన్న పాట. పౌలు, సీలలు ఫిలిప్పీ చెరసాలలో దెబ్బలు తిన్న ఒళ్లతో, కాళ్లు బొండలో బిగించి ఉండగా అర్ధరాత్రి పాడారని అపొస్తలుల కార్యముల గ్రంథం పదహారో అధ్యాయం చెబుతుంది. లోపలి గదిలో, చీకట్లో పాడినవి నోటికి వచ్చిన పాటలే అయ్యుంటాయి. ఇంకొకటి గమనించండి. భూకంపం పాట తర్వాత వచ్చింది. తలుపులు తెరుచుకున్నాక పాడిన పాట కాదది.

కాబట్టి మొదటి పని ఇది. మూడు పాటలు ఎంచుకోండి. ఒకటి దేవుడెవరో చెప్పే స్తుతి, ఒకటి కష్టంలో మొర, ఒకటి కృతజ్ఞత. పాతవైనా కొత్తవైనా మీ ఇష్టం. వాటిని చివరి చరణం దాకా నేర్చుకోండి. మనలో చాలామందికి పల్లవి మాత్రమే వస్తుంది. చరణం రాగానే పెదవులు కదిపి, మళ్లీ పల్లవి దగ్గర గొంతు పెంచుతాం. అసలు సారమంతా చరణాల్లో ఉంటుంది. వారానికి ఒక్క చరణం చాలు. చేత్తో రాసి వంటగది గోడకు అంటించండి. గిన్నెలు తోముతున్నప్పుడు, బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం ఆగినప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు అనుకోండి. పిల్లలకు పాట నేర్పించాలని చూస్తున్నవాళ్లకు ఒక మాట: వాళ్లను కూర్చోబెట్టి నేర్పకండి, మీరు పాడుకుంటూ తిరగండి. రెండో వారానికి మీ తప్పులు వాళ్లే దిద్దుతారు.

బుడమేరు వచ్చిన ఆదివారం

2024 సెప్టెంబరు 1. ఆరోజు ఆదివారమే. బుడమేరు కట్టలు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట నీళ్లలో మునిగాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ చరిత్రలో అంత నీరు ఎప్పుడూ రాలేదు. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగు లేదు, మంచినీళ్ల ప్యాకెట్టు కోసం డాబాల మీద నిలబడి పడవల వైపు చేతులూపిన రోజులు. లక్షల పాటలున్న యూట్యూబ్ ఆ వారం ఆ కాలనీల్లో ఎవరికీ పనికిరాలేదు. నీళ్లు తీశాక చాలా ఇళ్ల పిట్టగోడల మీద పరుపులు, బడి పుస్తకాలు, బురద పట్టి ఉబ్బిన బైబిళ్లు, కీర్తనల పుస్తకాలు ఎండబెట్టి కనిపించాయి. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీయబోతే చిరిగిపోయేవి.

అలాంటి ఇంటికి పరామర్శకు వెళ్లి "స్తోత్రం చెప్పండమ్మా, దేవుడు రెండింతలు ఇస్తాడు" అనే వాళ్లుంటారు. దయచేసి అనకండి. ఫ్రిజ్జు, కుట్టు మిషను, కూతురి సర్టిఫికెట్లు పోయిన మనిషికి ఆ మాట ఓదార్పు కాదు. నోరు మూయించడం. అలా బలవంతంగా పలికించిన స్తుతి వల్లే చాలామంది లోపల ఎండిపోతారు. బాధ ఒకచోట, పాట ఇంకోచోట ఉంటే ఆ రెంటి మధ్య మనిషి నలిగిపోతాడు.

బైబిల్లోని కీర్తనల గ్రంథం అలా నడవదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. పదమూడో కీర్తన చూడండి. ఆరే వచనాలు. ఎందాకా, ఎందాకా అని నాలుగుసార్లు దేవుణ్ణి నిలదీస్తాడు దావీదు. చివరి వచనానికి పాట అందుకుంటాడు. ఆ మధ్యలో పరిస్థితి మారిందని ఎక్కడా లేదు. ఎనభై ఎనిమిదో కీర్తన ఇంకో దారి. అది చీకటిలో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది, చివర్లో ఆశ పలికే ఒక్క మాట కూడా లేదు. దాన్ని కూడా పాటల పుస్తకంలో ఉంచారు. గుడిలో పాడారు. ఆ ఒక్క సంగతి తెలిసినా కొందరికి గుండె తేలికపడుతుంది.

రైతు కుటుంబాల వాళ్లకు నేను హబక్కూకు గ్రంథం చదవమంటాను. మూడే అధ్యాయాలు. దేవుడితో జగడంతో మొదలవుతుంది. మూడో అధ్యాయం చివర అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ మోసం చేసింది, చేను పండలేదు, దొడ్డి ఖాళీ అని పోయినవన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ తర్వాతే ఆనందిస్తానంటాడు ప్రవక్త. అంజూరం మనకు తెలియకపోవచ్చు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసి పనల మీదున్న వరి నీళ్లలో నానిపోయింది. గింజ మొలకెత్తింది. ఆ పనను చేత్తో ఎత్తి చూసిన కౌలు రైతుకు హబక్కూకును విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఇంకో విశేషం: ఆ అధ్యాయం ఆఖరి మాట ప్రధాన గాయకుడికి ఇచ్చిన సూచన, తంతివాద్యాలతో పాడమని. అంటే ప్రవక్త తన నష్టాల చిట్టాకు వాద్యాలు కట్టించి సంఘం చేతిలో పెట్టాడు. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన పెద్దవాళ్ల మధ్య ఈ అధ్యాయం చదివి, తర్వాత కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే చాలు. ప్రసంగం అక్కర్లేదు.

మన నేల మీద క్రైస్తవ ప్రార్థన ప్రశ్నతో మొదలైన సందర్భమూ ఉంది. రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య గారి సంగతి. విగ్రహాల మీద నమ్మకం పోయింది, వాటి స్థానంలో ఎవరో తెలియదు. మహా దేవా, నువ్వెవరు, ఎక్కడున్నావు, నాకు కనబడు అన్న అర్థంతో ప్రార్థించేవారని ఆయన కథ చెబుతారు. 1859లో బెజవాడలో ఉన్న మిషనరీ డార్లింగ్ ద్వారా ఆయనకు క్రీస్తు సంగతి తెలిసింది, బాప్తిస్మం పొందారు. కృష్ణా పల్లెల్లోని సంఘాలకు ఆయన పెద్దదిక్కు. అడగడంతో మొదలుపెట్టిన ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

మీ సొంత ప్రార్థనలో దీన్ని ఇలా వాడుకోండి. స్తుతి పాట ఎత్తుకునే ముందు రెండు నిమిషాలు ఉన్నదున్నట్టు చెప్పండి. "ప్రభువా, ఫీజు కట్టలేదు, మా ఆయన మళ్లీ తాగి వచ్చాడు, నాకు కోపంగా ఉంది." తర్వాత పాట. దాచిపెట్టి పాడిన రోజుకీ చెప్పుకుని పాడిన రోజుకీ తేడా మీకే తెలుస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన జబ్బు. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. మందులు వేసుకుంటూ పాడొచ్చు. పాడుతున్నాం కదా అని మందులు ఆపమని చెప్పేవాళ్లు ఎంత పెద్ద దైవసేవకులైనా వాళ్ల మాట వినకండి.

గుమ్మడికాయకూ ఒక స్తోత్రం

స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం అని గబగబా పలకడం మనలో బాగా అలవాటైంది. వెయ్యి స్తుతుల పుస్తకాలు పట్టుకుని ఏకబిగిన చదివేవాళ్లూ ఉన్నారు. వాళ్ల భక్తిని తక్కువ చేయను. దేవుడి గుణాలను పేరుపేరునా తలచుకోవడం మంచిదే. కానీ ఐదు వందల దగ్గరికి వచ్చేసరికి నాలుక ఒకచోట, మనసు పొయ్యిమీది పాల దగ్గర ఉంటే అంకె పెరిగినా లాభం లేదు.

స్తుతికి బలం వివరంలో ఉంది. నూట ముప్పై ఆరో కీర్తనలో 26 వచనాలు. ప్రతి వచనం రెండో సగంలో దేవుని కృప గురించి ఒకే పల్లవి. మొదటి సగం మాత్రం ప్రతిసారీ వేరు: సూర్యుడు, చంద్రుడు, ఎర్ర సముద్రం, ఫలానా రాజు, చివరకు అన్నం. చరిత్రంతా చెప్పి అన్నం దగ్గరికి రావడం నాకు చాలా ఇష్టం.

మన దగ్గర దీనికి కంటికి కనబడే రూపం కోతకాలపు పండుగ. డెల్టాలోని పాత సంఘాల్లో కోతలయ్యాక ఒక ఆదివారం గుడి ముందుభాగం సంతలా మారిపోతుంది. వరి కంకుల గుత్తులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, సంచిలో మినుములు, పళ్లెంలో అరిసెలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. పాదిరి గారు ప్రార్థన చేస్తుంటే పుంజు తన వంతుగా కూస్తుంది, ఎవరూ కసురుకోరు. ఆరాధన అయ్యాక వేలం. సొరకాయను బజారు ధరకు ఐదింతలు పాడి కొన్నాయన దాన్ని తీసుకెళ్లకుండా తిరిగి బల్ల మీద పెడతాడు, మళ్లీ వేలం. ఒక్క సొరకాయ నాలుగు చేతులు మారుతుంది. ఎవరో ఒక ముసలమ్మ రెండు గుడ్లు తెస్తుంది, వాటికీ పాట నడుస్తుంది. ఆ రోజు గుడిలో ఉన్నంత నవ్వు ఏడాదిలో మరెప్పుడూ ఉండదు. కారణం వెతకక్కర్లేదు. అక్కడ ప్రతి కృతజ్ఞతకూ ఒక ఆకారం, ఒక బరువు, తెచ్చిన మనిషి మొహం ఉన్నాయి.

పట్నంలో ఫ్లాట్లో ఉండేవాళ్లు కంకులు తేలేరు. వాళ్లు నూట ముప్పై ఆరో కీర్తన పద్ధతి ఇంట్లో నడపవచ్చు. వారానికి ఒక రాత్రి, భోజనానికి ముందు. ఒక్కొక్కరూ ఆ వారం జరిగిన ఒక మేలు చెప్పాలి. అందరూ కలిసి మీకు నచ్చిన ఒక పల్లవి పాదం పాడాలి. మళ్లీ ఇంకొకరు. షరతు ఒక్కటే, "అన్నిటికీ స్తోత్రం" అనకూడదు. "మంగళవారం గ్యాస్ అయిపోతే పక్కింటి ఆంటీ సిలిండర్ ఇచ్చారు" అనాలి. "లెక్కల పరీక్షలో పాసయ్యాను" అనాలి. ఏడేళ్ల పిల్లలు ఈ ఆటలో పెద్దవాళ్ల కంటే ముందుంటారు.

వారానికొకసారి అని ఊరికే అనలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త సోన్యా లుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాలపాటు కొందరితో తమకు జరిగిన మేళ్లు రాయించింది. వారానికొకసారి రాసినవాళ్లలో సంతోషం పెరిగింది. వారానికి మూడుసార్లు రాసినవాళ్లలో ఆ తేడా కనబడలేదు. మరీ తరచుగా చేస్తే లెక్క అప్పజెప్పినట్టు అయిపోతుంది కాబోలు.

మైకు కాస్త తగ్గించండి

ఇది పాస్టర్లకు, పాటల బృందాలకు చెబుతున్న భాగం. మిగతావాళ్లూ చదవండి, మీ సంఘంలో అడగడానికి పనికొస్తుంది.

కలిసి పాడితే ఒంట్లో ఏదో జరుగుతుందని మనకు తెలిసిందే. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు బృందగానం చేసేవాళ్ల గుండె చప్పుడును కొలిచి చూశారు. పాట నడకను బట్టి అందరూ ఒకేసారి ఊపిరి తీసి వదులుతుండటంతో వాళ్ల గుండె వేగం కూడా కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంది. 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం పాటల తరగతుల్లో చేరినవాళ్లను, చేతిపనులు, కథారచన తరగతుల్లో చేరినవాళ్లను పోల్చింది. పాడినవాళ్లు ఒకరికొకరు త్వరగా దగ్గరయ్యారు. ఈ లాభమంతా పాడేవాళ్లదే. సౌండ్ బాక్సుల పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లకు ఇందులో వాటా తక్కువ. విందు వీడియో చూసినంత మాత్రాన కడుపు నిండదు కదా.

అందుకే మొదట శ్రుతి చూడండి. వేదిక మీది తమ్ముడి గొంతు పైస్థాయిలో బాగా పలుకుతుందని పాట అక్కడ ఎత్తుకుంటారు. సంఘంలో సగంమంది మగవాళ్లు పల్లవి దగ్గరే ఆగిపోతారు. రెండు మెట్లు దించండి, గుడి మొత్తం గొంతు కలుపుతుంది. రెండోది, కొత్త పాట తెచ్చినప్పుడు వరసగా నాలుగు ఆదివారాలు దాన్నే పాడించండి. కొత్త పాటలు వద్దని నేననను. గుంటూరులో హోసన్నా మినిస్ట్రీస్ వాళ్ల గుడారాల పండుగకు ఏటా వచ్చే కొత్త పాటల కోసం ఎదురుచూసే ఇళ్లు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనా ఒకప్పుడు కొత్తదే. అయితే వారానికో కొత్త పాట పెడితే సంఘానికి ఏదీ నోటికి రాదు, తెరకు కళ్లప్పగించి నిలబడటమే మిగులుతుంది. మూడోది, ప్రతి ఆరాధనలో ఒక పాట వాద్యాలు పూర్తిగా ఆపేసి పాడించండి. మొదటి రెండు వారాలు ఇబ్బందిగా ఉంటుంది. మూడో వారానికి జనం తమ గొంతు తాము వినడం మొదలుపెడతారు. వీధిలోకి పెట్టిన స్పీకర్ల గురించి చట్టం ఎలాగూ ఉంది, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కుదరదు. పగలు కూడా పక్కింట్లో పరీక్షకు చదివే పిల్ల ఉందేమో ఒకసారి చూసుకుంటే స్తుతికి తరుగు రాదు.

భక్త్ సింగ్ గారి హెబ్రోను సహవాసాలను ఇక్కడ తలుచుకోవాలి. 2000లో హైదరాబాదులో కన్నుమూసిన ఆయన స్థాపించిన సంఘాల్లో ఆదివారం ఆరాధన చాలాసేపు సాగుతుంది. సంఘంలో ఎవరైనా లేచి స్తుతి ప్రార్థన చేయవచ్చు. రిక్షా తొక్కే ఆయన లేస్తాడు, బ్యాంకు మేనేజరు లేస్తాడు. మధ్యలో సీయోను గీతం ఒకటి అందుకుంటారు. తర్వాత అందరూ కలిసి కూర్చుని ప్రేమ విందు. ఆ పద్ధతి అన్ని సంఘాలకూ సరిపడకపోవచ్చు. కనీసం నెలకొక గృహ కూడికలోనైనా అయ్యగారు వెనక కూర్చుని, మిగతావాళ్లతో స్తుతి చేయిస్తే, ఇన్నేళ్లూ నోరు తెరవని మనుషుల గొంతు మొదటిసారి వినబడుతుంది.

"నాకు గొంతు లేదన్నా" అనేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. వాళ్లను బాగా పాడేవాళ్ల పక్కన కూర్చోమనండి, మైకుకు దూరంగా. పక్క గొంతు ఆసరాతో సన్నగా మొదలవుతారు. సంగీతం నేర్పడం వేరు, సంఘంతో కలిపి పాడించడం వేరు.

ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయితే

ఈ ప్రశ్న విజయవాడలో చాలా ఇళ్లది. భార్య ప్రార్థనకు వెళ్తుంది, భర్త వెళ్లడు. కోడలు బాప్తిస్మం తీసుకుంది, అత్తగారికి దుర్గమ్మ తల్లి. ఇలాంటి ఇళ్లలో బిగ్గరగా స్తుతి చేయడం సాక్ష్యమని కొందరు బోధిస్తారు. నా అనుభవంలో అది ఎక్కువసార్లు తగాదాకే దారితీసింది.

గుణదల కొండ దగ్గర ఇంకో రకం వాతావరణం చూడవచ్చు. 1924లో ఫాదర్ ఆర్లాటి లూర్దు మాత స్వరూపాన్ని అక్కడ నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్లకు వచ్చేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు తక్కువేమీ కాదు. తలనీలాలు ఇచ్చి, కొవ్వొత్తి, కొబ్బరికాయ పట్టుకుని, జపమాల చెబుతున్న వాళ్ల వెనకే మెట్లెక్కుతారు. పక్కనే పాడుతున్నవాళ్లను ఎవరూ ఆపరు, పాడనివాళ్లను ఎవరూ తోయరు. నేను ప్రొటెస్టంటు పద్ధతిలో పెరిగినవాణ్ణి, అక్కడి ఆచారాల్లో కొన్నింటితో నాకు పేచీ ఉంది. ఆ ఓర్పు మాత్రం మన ఇళ్లకు తెచ్చుకోదగ్గది.

ఇంట్లో మీకంటూ ఒక వేళ చూసుకోండి. మామగారు వార్తలు చూసే సమయం వద్దు. చాలామంది ఆడవాళ్లకు సాయంత్రం బియ్యం కడిగే వేళ కుదురుతుంది. పాట గొంతులోనే అనుకోండి, పెదవి దాటకపోయినా ఫరవాలేదు. అత్తగారు పూజ గదిలో ఉంటే ఆవిడ హారతి అయ్యేదాకా ఆగండి. ఆ రోజు ఇంట్లో జరిగిన మేలు చెప్పుకునేటప్పుడు ఆవిడ చేసినదాన్ని కూడా పేరుపెట్టి చెప్పండి, ఆవిడకు వినబడేలా: "అత్తయ్యా, మీరు పిల్లాణ్ణి బడి నుంచి తీసుకురాబట్టి నాకు ఇవాళ షిఫ్టు కుదిరింది." ఆవిడ స్తోత్రమనకపోవచ్చు. "ఆఁ, దానిదేముందిలే" అంటుంది. మీరు బియ్యం పొయ్యిమీద పెట్టి, ఈ వారం నేర్చుకుంటున్న చరణం అందుకోండి.